ద్వీపాల మ్యాప్ మొదలుపెట్టే ముందు: సెట్లర్‌ను ఒంటరిగా నీటిలోకి దింపకండి

గత శనివారం రాత్రి కర్నూలులో మా అక్క కొడుకు సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ ఆటను ఆర్కిపెలాగో (ద్వీపాల) మ్యాప్ మీద ఆడుతూ, ఒకదాని వెంట ఒకటిగా రెండు సెట్లర్లను (కొత్త నగరం స్థాపించే బొమ్మలను) బార్బేరియన్ల (ఏ దేశానికీ చెందని దోపిడీ మూకల) పాలు చేశాడు. రెండవది పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎదుటి దీవి ఇంకా రెండు గడుల దూరంలో ఉండగా టర్న్ (మన వంతు) ముగిసింది, అంతవరకు కనిపించని బార్బేరియన్ల గ్యాలీ (తొలి యుగపు యుద్ధనౌక) ఒకటి చీకటి గడిలోంచి వచ్చి పడింది. ఈ వేసవి సెలవుల్లో ఇదే మ్యాప్ మీద ఆడాలని మా వీధిలో మరి కొందరు అనుకుంటున్నందున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సెట్లర్ పోవడమంటే ఒక బొమ్మ పోవడం కాదు. దానిని తయారుచేసిన నగరంలో జనాభా ఒకటి తగ్గుతుంది, సాధారణ వేగంలో మొదటి సెట్లర్‌కు 80 ప్రొడక్షన్ (నగరపు తయారీ శక్తి) పడితే ఆ తరువాతి ప్రతిదానికీ 30 చొప్పున పెరుగుతూ పోతుంది, ఈలోగా మనం కన్నేసిన దీవిలో పొరుగువాడు జెండా పాతేస్తాడు. కాబట్టి సెట్లర్‌ను గ్యాలీతో ఒకే గడిలో జతకట్టి నడపాలి. ఎంత దగ్గరి దీవి అయినా ఇదే పద్ధతి.

నౌకలకు ఖర్చు దండగ అని మావాడు వాదించాడు, కానీ లెక్క అందుకు విరుద్ధంగా ఉంది. ఆటలో నేర్చుకునే విద్యల్లో సెయిలింగ్‌తో బిల్డర్లు (పనివాళ్లు) మాత్రమే నీటిలోకి దిగగలరు, సెలెస్టియల్ నావిగేషన్‌తో వర్తకులు, షిప్‌బిల్డింగ్ వచ్చిన తరువాతే సెట్లర్లు, సైనికులు దిగగలరు. ఆ షిప్‌బిల్డింగ్‌కు యురేకా (ఆ విద్యను తొందరగా నేర్పించే ప్రోత్సాహం) దక్కాలంటే మన దగ్గర రెండు గ్యాలీలు ఉండాలి. అంటే చదువు తొందరగా పూర్తిచేసే నౌకలే తరువాత కాపలాకూ పనికివస్తాయి. మారిటైమ్ ఇండస్ట్రీస్ అనే విధాన కార్డు పెట్టుకుంటే తొలి రెండు యుగాల నౌకల మీద ప్రొడక్షన్ నూటికి నూరు శాతం అదనంగా వస్తుంది.

గ్యాదరింగ్ స్టార్మ్ (ఆటకు అదనపు భాగం) ఉన్నవారు నగరం పెట్టే ముందు పల్లపు తీరాన్ని చూసుకోవాలి. ఒకటి, రెండు, మూడు మీటర్ల పల్లం అని ఆటే చూపిస్తుంది, సముద్రమట్టం పెరిగినప్పుడు ఒక మీటరు గడులు ముందు మునుగుతాయి, అడ్డుకట్ట కట్టే ఫ్లడ్ బ్యారియర్ కంప్యూటర్స్ విద్య వచ్చేదాకా దొరకదు. 2009 అక్టోబరులో తుంగభద్ర నీళ్లు ఇళ్లలోకి రావడం చూసిన కర్నూలు వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక మిగిలినవి. దూరం నుంచి కొట్టే నౌకలైన క్వాడ్రిరీమ్‌లు, ఫ్రిగేట్‌లు గోడలు కూలుస్తాయే గాని నగరంలోకి ప్రవేశించలేవు, కనుక దండయాత్రలో దగ్గరికి వెళ్లి పోరాడే గ్యాలీయో కారవెలో ఒకటైనా ఉండాలి. నౌకలన్నిటినీ యుద్ధానికి పంపకండి. చేపల పడవలున్న చోట కాపలా ఉంచండి. కార్టోగ్రఫీ విద్య రాకముందు నడిసముద్రం దాటే పథకాలు వేయకండి. నీటి మీదున్న సైనికుడు సైనికుడు కాడు, వాడిని కూడా ఒంటరిగా పంపకండి. తీరంలో బార్బేరియన్ల శిబిరం కనిపిస్తే ఆ రోజే తగలబెట్టండి. ఆటోమేటిక్ దారి ఇచ్చి వదిలేయకండి, ప్రతి టర్న్ చూసుకోండి. గ్యాలీ దెబ్బతిని ఉంటే సెట్లర్‌ను ఒడ్డునే ఆపండి. రెండు గడుల దూరమే గదా అని అనుకోకండి, మావాడూ అలాగే అనుకున్నాడు. గ్యాలీ లేకుండా సెట్లర్‌ను నీటిలోకి దింపకండి.