బుడగల వైన్ పాఠాలు – 3: కిర్ రాయల్

బుడగల వైన్ సీసా మీద రాసి ఉండే బ్రూట్, డెమీ సెక్ లాంటి మాటల సంగతి కిందటి పాఠంలో చూశాం. లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే బ్రూట్. డెమీ సెక్‌లో 32 నుంచి 50 గ్రాములు. తెచ్చుకుంటే బ్రూటే తెచ్చుకోండి అని అప్పుడు పట్టుబట్టాను. ఇవాళ కిర్ రాయల్ చేయడానికి అందులో కలపబోయేది దాదాపు పాకం. తియ్యటి వైన్‌లో పాకం పోస్తే తాగలేం.

ఆ పాకం పేరు క్రెమ్ ద కాసిస్. పేరులో క్రెమ్ ఉన్నా మీగడ చుక్క కూడా ఉండదు. చిక్కగా, తియ్యగా ఉండే లిక్కర్‌ని ఫ్రెంచివాళ్లు అలా పిలుస్తారు. కాసిస్ అంటే బ్లాక్‌కరెంట్. మనకది ఐస్‌క్రీమ్ పార్లర్‌లో ఊదారంగు స్కూపుగానే పరిచయం. నల్ల కిస్‌మిస్ అనుకునేవాళ్లూ ఉన్నారు, అది వేరు. ఇది చలిదేశాల్లో పొదకు గుత్తులుగా కాసే చిన్న పండు, పుల్లగా, కొంచెం వగరుగా ఉంటుంది. దాన్ని సారాయంలో నానబెట్టి, వడకట్టి, చక్కెర కలుపుతారు. ఎంత చక్కెరంటే, క్రెమ్ ద కాసిస్ అని పేరు పెట్టాలంటే లీటరుకు కనీసం 400 గ్రాములు ఉండాలని యూరప్ నిబంధన. ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతంలోని డిజాన్ నగరంలో 1841లో దీని తయారీ మొదలైంది.

బర్గండీలో అలిగొటే అనే తెల్లద్రాక్ష ఉంది. దాని వైన్ బాగా పుల్లగా ఉంటుంది. ఆ పులుపును కాస్త కాసిస్‌తో సర్దుకుని తాగడం అక్కడివాళ్లకు పాత అలవాటు. మొదట్లో దాన్ని ‘బ్లాంక్ కాసిస్’ అనేవారు. 1945 నుంచి 1968లో చనిపోయేదాకా డిజాన్ మేయరుగా ఉన్న ఫెలిక్స్ కిర్ అనే క్రైస్తవ గురువు, నగరానికి వచ్చిన అతిథులందరికీ ఇదే ఇచ్చేవాడు. చివరికి పానీయానికి ఆయన పేరే వచ్చింది. మామూలు తెల్ల వైన్‌తో చేస్తే కిర్, బుడగల వైన్‌తో చేస్తే కిర్ రాయల్. ఆయన కనిపెట్టాడని కొందరు రాస్తుంటారు గానీ, ఆయనకంటే ముందే ఉన్న పానీయమిది.

ఖరీదైన షాంపేన్ అక్కర్లేదు. అంత డబ్బు పెట్టి కొన్న రుచిని పండ్ల పాకం కింద దాచేయడం నాకైతే మనసొప్పదు. బర్గండీ వాళ్లదే క్రెమాంట్ అనే బుడగల వైన్ రకం ఉంది, అది చక్కగా సరిపోతుంది. మన దగ్గరైతే నాసిక్‌లో చేసే బ్రూట్ చాలు.

ఇక చేతిపని. సీసాను నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరైతే సగం ఐసు, సగం నీళ్లు పోసిన బకెట్లో అరగంట ఉంచండి. వట్టి ఐసు కంటే ఐసు నీళ్లు త్వరగా చల్లబరుస్తాయి. కాసిస్ కూడా చల్లగానే ఉండాలి.

సీసా లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండు రెట్లకు పైనే. నా మొదటి సీసాను స్కూటర్ మీద కుదుపులతో తెచ్చి, చల్లారక ముందే తీశాను. బిరడా ఎగిరి ఫ్యాన్ రెక్కకు తగిలింది, మూడో వంతు వైన్ తివాచీ పాలైంది. గోలీసోడా కొట్టినట్టు కొట్టే వస్తువు కాదిది. పైన రేకు ఒలిచి, బొటనవేలు బిరడా మీద ఆనించి, దాన్ని కట్టి ఉంచే తీగను వదులు చేయండి. తీగను పూర్తిగా తీయకండి, దాంతోపాటే బిరడాను గుప్పిట్లో పట్టుకోండి. మూతిని మనుషులు లేని వైపు తిప్పి సీసాను ఏటవాలుగా వంచండి. బిరడాను కదలనివ్వకుండా రెండో చేత్తో సీసా అడుగును మెల్లగా తిప్పండి. బిరడా తనంతట తాను పైకి వస్తుంటే అదిమి పట్టండి. ‘టప్’మనకుండా ‘స్స్’ అంటే మీకు పని వచ్చినట్టే.

కొలత: 10 మిల్లీలీటర్ల కాసిస్, 90 మిల్లీలీటర్ల వైన్. బార్ కొలతపాత్ర లేకపోతే దగ్గు మందు సీసా మీద వచ్చే గీతల మూత చాలు, బాగా కడగండి. పూర్వం బర్గండీలో మూడో వంతు దాకా కాసిస్ పోసేవారట. ఇప్పటి నాలుకకు అది టానిక్కే. నేను 8 మిల్లీలీటర్ల దగ్గరే ఆపుతాను.

గ్లాసులోకి ముందు కాసిస్, తర్వాత వైన్. ఈ వరసను తిరగేయకండి. కాసిస్ బరువైంది కాబట్టి చివర్లో పోస్తే నేరుగా అడుగుకు దిగిపోతుంది, పైగా నురగ పొంగుతుంది. కలపడానికి చెంచా పెట్టి తిప్పితే బుడగలన్నీ పోతాయి. అదే ముందు పోస్తే, పైనుంచి పడే వైనే దాన్ని కలిపేస్తుంది. గ్లాసు కొంచెం వంచి సగం పోయండి, నురగ దిగాక మిగతాది. రంగు లేత గులాబీ రావాలి. నేరేడుపండు రసంలా ఉందంటే ఎక్కువైనట్టు, మరికొంచెం వైన్ పోసి సర్దుకోండి.

అసలు సీసా తెరవకముందు రిహార్సల్ చేసుకోవచ్చు. చల్లటి సోడా, ఏదైనా రోజ్ సిరప్ తీసుకుని ఇదే కొలతలో ఒక గ్లాసు సిరప్ ముందు, ఒక గ్లాసు సిరప్ తర్వాత పోసి చూడండి. తేడా కంటికే కనిపిస్తుంది. మందు ముట్టనివాళ్లకూ, వయసు 21 నిండనివాళ్లకూ ఆ గ్లాసులే ఇచ్చేయొచ్చు.

750 మిల్లీలీటర్ల సీసాకు ఎనిమిది గ్లాసులు వస్తాయి. తెరిచిన వైన్ ఆ పూటే అయిపోవాలి. కాసిస్ సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని నెలలు ఉంటుంది. రంగు గోధుమవైపు తిరిగితే మాత్రం వాడకండి.

వచ్చే పాఠం ఫ్రెంచ్ 75 అనే మరో బుడగల వైన్ పానీయం. జిన్, నిమ్మరసం కావాలి. ఈలోగా ఒక కప్పు పంచదారను ఒక కప్పు వేడినీళ్లలో కరిగించి, చల్లార్చి, సీసాలో పోసి పెట్టుకోండి.