బోటు గీజర్ ట్యాంకు పాడైందా? కొత్తది కొనేముందు పాతది ఎందుకు పోయిందో చూడండి

బోటులో గీజర్ కారడం మొదలవగానే చాలామంది అదే సైజుది ఇంకోటి తెచ్చి బిగించేస్తారు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే గొడవ. దయచేసి పాత ట్యాంకుని అప్పుడే పారేయకండి. ఈసారి ఏ లోహంది తీసుకోవాలో చెప్పేది అదే.

వేడినీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. ముందు చన్నీళ్ళ కొళాయి తిప్పండి. అందులోనూ ఎరుపే ఉంటే తప్పు గీజర్‌ది కాదు. వేడినీళ్ళలోనే ఉండి, మీది లోపల గాజు పూత వేసిన ఇనుప ట్యాంకు అయితే, యానోడ్ రాడ్ (ట్యాంకు లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ) అరిగిపోయి ఉంటుంది. ఆ పూతలో ఎక్కడో ఒకచోట సన్నటి లోపాలు ఉంటాయి, బోటు అలల మీద దబదబా పడే కుదుపులకి అవి పెరుగుతాయి, అక్కడ ఇనుము తుప్పు పట్టకుండా మెగ్నీషియం రాడ్ తనే కరిగిపోతూ కాపాడుతుంది. ఏడాదికోసారి విప్పి చూడండి, లోపలి తీగ బయటపడితే మార్చేయండి. మార్చినా ఎరుపు తగ్గకపోతే ట్యాంకు పోయినట్టే. వెల్డింగ్ చేయించొద్దు, ఆ వేడికి చుట్టూ ఉన్న పూత కూడా ఊడిపోతుంది.

కుళ్ళిన గుడ్ల వాసన. నీళ్ళు వారాల తరబడి కదలకుండా ఉంటే బ్యాక్టీరియా నీళ్ళలోని సల్ఫేటుని ఆ వాసన గ్యాస్‌గా మారుస్తుంది, మెగ్నీషియం రాడ్ దానికి తోడవుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, క్లోరిన్‌తో కడిగి, అల్యూమినియం-జింక్ రాడ్ వేయండి. ఒక్క జాగ్రత్త, క్లోరిన్ నీళ్ళని స్టీలు, అల్యూమినియం ట్యాంకుల్లో రోజుల తరబడి వదిలేయకండి, బాగా కడిగేయాలి.

స్టెయిన్‌లెస్ ట్యాంకు వెల్డింగ్ దగ్గర చెమ్మ. "స్టెయిన్‌లెస్ కదా, దానికేమవుతుంది" అనుకునేవాళ్ళే ఎక్కువ మోసపోతారు. 304 అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు నీళ్ళకి బాగానే ఉంటుంది కానీ ఉప్పు తగిలిన వేడినీళ్ళంటే దానికి పడదు. వెల్డింగ్ అతుకుల్లో, ఫిట్టింగ్ కింద ఇరుకు సందుల్లో గుంటలు పడతాయి, సుమారు 60 డిగ్రీలు దాటితే బిగువు ఉన్నచోట పగుళ్ళు కూడా వస్తాయి. ఇంజిన్ కూలెంట్‌తో (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవంతో) వేడెక్కే ట్యాంకు 80 డిగ్రీల దాకా పోగలదు, పైగా బోటులో ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రం వాడితే కొంత ఉప్పు మిగిలే ఉంటుంది. అందుకే 316ఎల్ రకం స్టీలు అడగండి. అందులో ఉప్పుని తట్టుకోడానికి 2-3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, కార్బన్ 0.03 శాతానికి మించదు కాబట్టి వెల్డింగ్ చేసినచోట అంతగా బలహీనపడదు. అయితే గ్రేడ్ ఒక్కటే చూస్తే చాలదు, వెల్డింగ్ తర్వాత లోపల ఆసిడ్‌తో శుభ్రం చేశారో లేదో తప్పకుండా అడగండి, వెల్డింగ్ వేడికి పడే నీలిరంగు మరకలు అలాగే వదిలేస్తే 316ని కూడా తుప్పు అక్కడే తినేస్తుంది. అయస్కాంతం పెట్టి చూడటం దండగ. 304కీ 316కీ తేడా అది చెప్పదు, గీజర్లకి చక్కగా పనికొచ్చే 444 గ్రేడ్‌కేమో అంటుకుంటుంది.

తెల్లటి జిగురు, పొడి. అల్యూమినియం ట్యాంకు లక్షణం. దానికి నేరుగా ఇత్తడి ఫిట్టింగ్ బిగిస్తే అల్యూమినియమే కరుగుతుంది. మీ పైపులు రాగివైతే నేనైతే అల్యూమినియం జోలికే పోను, నీళ్ళలో కరిగి వచ్చే రాగి కూడా దానికి చిల్లులు పెడుతుంది.

కూలెంట్ తగ్గుతోంది, నీళ్ళకి రంగు లేదా తీపి. వెంటనే ఆ నీళ్ళు వాడటం ఆపేయండి, రుచి కూడా చూడకండి, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. ఇంజిన్ చల్లారాక ట్యాంకు లోపల కూలెంట్ పారే కాయిల్‌కున్న రెండు గొట్టాలూ ఊడదీసి మంచినీళ్ళ పంపు వేయండి, కాయిల్ లోంచి నీళ్ళు వస్తూనే ఉంటే చిల్లు అక్కడే.

సేఫ్టీ వాల్వ్ చుక్కలు. ఇది ట్యాంకు తప్పు కాకపోవచ్చు, వేడికి పెరిగిన నీళ్ళకి చోటు లేక బయటికొస్తున్నాయి. చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (పెరిగిన నీళ్ళకి చోటిచ్చే డబ్బా) పెట్టిస్తే ఆగుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ తడికి ట్యాంకు బయటి రేకు తుప్పు పడుతుంది.

ఏటా రాడ్ విప్పే ఓపిక మీకుంటే గాజు పూతది చాలు, బాగానే పనిచేస్తుంది. లేదంటే డబ్బు కాస్త ఎక్కువైనా 316ఎల్ తీసుకోండి. గాజు పూతది తీసుకునేవాళ్ళు బిగించేముందు టేపు పెట్టి కొలవండి. రాడ్ పూర్తిగా బయటికి లాగడానికి ఎదురుగా అంత పొడుగు ఖాళీ ఉండాలి, బోటు గోడ అడ్డొస్తే ట్యాంకు మొత్తం ఊడదీయాల్సి వస్తుంది.