నిరుద్యోగం లెక్కలను చదవడం ఎలా?

ప్రతి నెలా పదిహేనో తేదీ ప్రాంతంలో కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ దేశంలో నిరుద్యోగిత రేటు ఎంతో ప్రకటిస్తుంది. మర్నాడు ఒక పత్రిక ‘తగ్గిన నిరుద్యోగం’ అని శీర్షిక పెడితే, మరొకటి ‘యువతకు కొలువులేవీ?’ అని పెడుతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని పాఠకుడికి అనిపించడం సహజమే కానీ, చాలాసార్లు ఆ రెండూ ఒకే నివేదికలోని వేర్వేరు పట్టికల నుంచి తీసుకున్నవే అయి ఉంటాయి. గ్రూప్స్‌కు చదువుకుంటున్నవారికైనా, వార్త రాయవలసిన విలేకరికైనా, ఇంట్లో డిగ్రీ పూర్తయిన పిల్లలున్న తల్లిదండ్రులకైనా ఈ అంకెలను సొంతంగా చదువుకోగల నేర్పు అక్కరకు వస్తుంది. దీనికి కావలసిన గణితం భాగహారం వరకే.

అంకె ఏ సర్వేలోది?

మొదట చూడవలసింది ఇదే. మన దేశంలో ఉపాధికి అధికారిక ఆధారం జాతీయ గణాంక కార్యాలయం 2017 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. దీన్నే పొడి అక్షరాల్లో పీఎల్ఎఫ్ఎస్ అంటున్నారు. అంతకుముందు సుమారు ఐదేళ్లకొకసారి పెద్ద సర్వే జరిగేది. పీఎల్ఎఫ్ఎస్ వచ్చాక జులై నుంచి జూన్ వరకు ఒక సంవత్సరంగా లెక్కించి ఏటా నివేదిక ఇచ్చేవారు. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతిని మార్చి, నమూనాను సుమారు 2.72 లక్షల కుటుంబాలకు పెంచి, ఆ ఏడాది ఏప్రిల్ మొదలుకొని నెలవారీ అంకెలు కూడా విడుదల చేస్తున్నారు.

ముంబైలోని ప్రైవేటు సంస్థ సీఎంఐఈ కూడా సొంత సర్వే నడుపుతోంది. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో నిరుద్యోగం 23 శాతం దాటిందన్న అంకె ఆ సంస్థదే. ఉద్యోగంలో ఉన్నట్టు, వెతుకుతున్నట్టు ఎవరిని లెక్కించాలన్న నిర్వచనాలు అక్కడ వేరు కాబట్టి, పీఎల్ఎఫ్ఎస్ అంకె పక్కన సీఎంఐఈ అంకెను పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం పొరపాటు. ఇక ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ ఈపీఎఫ్‌ఓ ప్రతి నెలా ఇచ్చే కొత్త చందాదారుల సంఖ్య అసలు సర్వేయే కాదు. సిబ్బంది ఇరవై మందికి చేరి ఒక సంస్థ పీఎఫ్ పరిధిలోకి వస్తే, అందులో పదేళ్లుగా పనిచేస్తున్నవారు కూడా ఆ నెల కొత్త చందాదారులుగా కనిపించవచ్చు. వాళ్లకు భద్రత దొరికిన మాట నిజమే అయినా, దాన్ని కొత్త ఉద్యోగాల సంఖ్యగా చదవకూడదు.

గడప దగ్గర అడిగే ప్రశ్న

సర్వే ఉద్యోగి ఇంటికి వచ్చినప్పుడు ఏం రాసుకుంటాడో తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి. ప్రకాశం జిల్లాలో ఒక రైతు కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి మూడెకరాలు సాగు చేస్తాడు. ఆయన పేరు ఎదురుగా 11 అని పడుతుంది, అంటే సొంతంగా పని చేసుకునేవాడు. తల్లి పొలం పనితో పాటు రెండు గేదెలను చూసుకుని పాలు కేంద్రానికి పోస్తుంది. ఆమె చేతికి జీతమంటూ ఏదీ రాకపోయినా ఆమెకు 21 పడుతుంది, అంటే కుటుంబ వ్యాపకంలో వేతనం లేని సహాయకురాలు. గణాంకాల ప్రకారం ఇద్దరూ ఉద్యోగస్థులే. పెద్దకొడుకు బీటెక్ పూర్తిచేసి, అమీర్‌పేటలో రెండు కోర్సులు చదివి, ఉద్యోగం దొరకక ఇంటికి వచ్చి వెతుక్కుంటున్నాడు; అతనికి 81, అంటే నిరుద్యోగి. కూతురు అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ ముగించి ఇంటి దగ్గరే చదువుకుంటోంది. ఆమె విషయంలో మాత్రం చెప్పే సమాధానాన్ని బట్టి గడి మారిపోతుంది. పని దొరికితే చేయడానికి సిద్ధమని చెబితే 81, ఏదైనా విద్యాసంస్థలో చేరి ఉంటే 91, తల్లి ముందుకొచ్చి ‘ఇంటి పనిలోనే ఉంటుందండీ’ అంటే 92. ఈ చివరి రెండు గడుల్లో ఏది పడినా ఆ అమ్మాయి నిరుద్యోగి కాదు, శ్రామిక శక్తిలోనే లేదు. అమ్మాయి ఒక్కతే, చదువు ఒక్కటే, మారింది గడప దగ్గర వినిపించిన వాక్యం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బీటెక్ అబ్బాయి ఆ వారంలో సోమవారం నాడు మేనమామ ఎరువుల దుకాణంలో రెండు గంటలు కూర్చుని డబ్బులు తీసుకున్నాడనుకుందాం. ‘వారపు స్థితి’ లెక్కలో గడచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజునైనా ఒక్క గంట పని చేసినవారు ఉపాధిలో ఉన్నట్టే కాబట్టి, ఆ వారానికి అతను నిరుద్యోగి కాడు. ‘సాధారణ స్థితి’ లెక్కలో గడచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశాడన్నది ముఖ్యం. అయితే అందులోనూ, అనుబంధంగా కనీసం 30 రోజులు పని చేసి ఉంటే ఉపాధి కిందే జమ చేస్తారు. గంట నియమం మన ప్రభుత్వం కొత్తగా కనిపెట్టినది కాదు. ప్రపంచమంతటా ఇదే ప్రమాణం. నెలజీతాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో దానివల్ల పెద్ద తేడా రాకపోవచ్చు గానీ, దొరికిన రోజున దొరికిన పని చేసుకునే మన దేశంలో అది దాచేది చాలానే ఉంటుంది.

ఈ రెండు లెక్కల మధ్య తేడా చిన్నదేమీ కాదు. పదిహేనేళ్లు దాటినవారిలో నిరుద్యోగం 2023-24లో సాధారణ స్థితి ప్రకారం 3.2 శాతం, అదే సంవత్సరం, అదే సర్వే, వారపు స్థితి ప్రకారం 4.9 శాతం. 2025 ఏప్రిల్ నెలవారీ అంకె 5.1 శాతంగా వచ్చింది. ఇది వారపు స్థితి లెక్క. దీన్ని 3.2తో పోల్చి ఒక్కసారిగా ఎగబాకిందని రాసినవారు కిలోలను లీటర్లతో పోల్చినట్టే.

భాజకం మీద కన్ను వేయండి

నిరుద్యోగిత రేటును జనాభా మీద లెక్కించరు. పని చేస్తున్నవారిని, పని కోసం చూస్తున్నవారిని కలిపితే వచ్చే శ్రామిక శక్తి మీద లెక్కిస్తారు. ఒక ఊళ్లో పదిహేనేళ్లు దాటినవారు వెయ్యి మంది, వారిలో శ్రామిక శక్తి 600, నిరుద్యోగులు 30 మంది అయితే రేటు 5 శాతం. మరుసటి ఏడాది ఇంతవరకు ఇంటి పని మాత్రమే చేసిన యాభై మంది స్త్రీలు సొంత గేదెల పనిలోకి దిగారు. ఆ ముప్పై మందిలో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. 30ని 650తో భాగిస్తే 4.6 శాతం, అంటే నిరుద్యోగం తగ్గింది! అలా కాక, మొదటి ముప్పై మందిలో పది మంది విసుగెత్తి వెతకడం మానేశారనుకుంటే 20ని 590తో భాగించాలి, రేటు 3.4కు దిగుతుంది. ఊరి పరిస్థితి చెడినప్పుడే అంకె అందంగా కనబడింది.

అందుకే నిరుద్యోగిత రేటును ఎన్నడూ ఒంటరిగా చదవకూడదు. పక్కనే జనాభాలో ఎంత శాతం శ్రామిక శక్తిలో ఉన్నారో చెప్పే శ్రామిక భాగస్వామ్య రేటు, ఎంత శాతం పనిలో ఉన్నారో చెప్పే నిష్పత్తి ఉంటాయి. 2017-18లో పదిహేనేళ్లు దాటినవారిలో శ్రామిక భాగస్వామ్యం 49.8 శాతం ఉండగా, 2023-24 నాటికి 60.1కి పెరిగింది. ఈ పెరుగుదలలో అధిక భాగం స్త్రీలది; వారి భాగస్వామ్యం అదే కాలంలో 23.3 నుంచి 41.7 శాతానికి చేరింది. దీన్ని కొందరు మహిళా సాధికారతగా చదువుతారు, కొందరు ఇంటి ఆదాయం చాలక వచ్చిన ఒత్తిడిగా చదువుతారు. ఏది నిజమో తేల్చడానికి ఆ పని ఎలాంటిదో చెప్పే పట్టికను తెరవాలి. ఈ ఆరేళ్లలో మొత్తం ఉపాధిలో స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది, నెలజీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7కు తగ్గింది. వ్యవసాయం నుంచి జనం పరిశ్రమలకు తరలడం అభివృద్ధికి గుర్తని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం; ఆ వ్యవసాయం వాటా 44.1 నుంచి 46.1కి పెరిగింది. కోవిడ్ నాడు నగరాల నుంచి ఊళ్లకు నడిచివెళ్లినవారందరూ తిరిగి రాలేదని దీన్నిబట్టి అనుకోవచ్చు. నా మటుకు నేను ఏ నివేదిక వచ్చినా నిరుద్యోగిత రేటు కన్నా ముందు ఈ పట్టికకే వెళతాను.

యువత అంకె దగ్గర ఆగండి

యువత అంటే ఎవరన్నది ముందు చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంకెల్లో సాధారణంగా 15 నుంచి 24 ఏళ్లవారు, మన పీఎల్ఎఫ్ఎస్‌లో 15 నుంచి 29 ఏళ్లవారు. సాధారణ స్థితి ప్రకారం మన యువత నిరుద్యోగం 2017-18లో 17.8 శాతం, 2022-23లో 10.0, 2023-24లో 10.2. ‘పదిమంది యువకుల్లో ఒకరు నిరుద్యోగి’ అని దీన్ని రాయడం పరిపాటి అయింది గానీ, అది తప్పు. 2023-24లో యువత శ్రామిక భాగస్వామ్యం 46.5 శాతం. అంటే వంద మందిలో 46 లేదా 47 మంది మాత్రమే భాజకంలో ఉన్నారు. వారిలో పదో వంతు అంటే దాదాపు ఐదుగురు నిరుద్యోగులు, 41 లేదా 42 మంది పనిలో ఉన్నవారు. మిగిలిన 53 మంది చదువుల్లోనో, ఇంటి పనిలోనో, ఇంకెక్కడో ఉన్నారు. ఆ యాభైమూడు మందిలో ఎవరు నిజంగా చదువుకుంటున్నారు, ఎవరు ఉద్యోగం మీద ఆశ వదులుకున్నారు అన్నదే అసలు ప్రశ్న. రేటు దానికి జవాబు చెప్పదు.

చదువు పెరిగేకొద్దీ నిరుద్యోగం పెరగడం మన దేశంలో కనిపించే మరో వింత. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024 మార్చిలో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం కాగా, చదవడం రాయడం రానివారిలో 3.4 శాతం మాత్రమే. చదువు వల్ల ఉద్యోగాలు పోతున్నాయని దీని అర్థం కాదు. ఇంట్లో పూట గడవనివాడు ఖాళీగా కూర్చోలేడు; ఏ పని దొరికితే అది చేస్తాడు, లెక్కలో ఉపాధి కింద పడతాడు. తండ్రి పంపే డబ్బుతో అశోక్‌నగర్‌లో గది తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పట్టుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవాడికి ఇంకొన్నాళ్లు ఆగే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వస్తే దరఖాస్తు చేసినవారు మూడు లక్షలు దాటారు. వారిలో అంతకుముందు నెలల్లో సర్వే ఉద్యోగికి ఎదురుపడినవారు ఏ గడిలో పడి ఉంటారో చెప్పలేం. పైన మన ఊహా కుటుంబంలో కూతురి సంగతే అది.

రాష్ట్రాలను పోల్చేటప్పుడు కూడా దీన్నే గుర్తుంచుకోవాలి. 2023-24లో యువత నిరుద్యోగం కేరళలో 29.9 శాతం, మధ్యప్రదేశ్‌లో 2.6 శాతం. ఈ అంకె చూసి కేరళ యువకులు ఉద్యోగాల కోసం భోపాల్ వెళ్లాలని ఎవరూ సలహా ఇవ్వరు. కూలీ రేట్లు, చదువు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, తన స్థాయి ఉద్యోగం కోసం ఆగగల స్తోమత, ఇవన్నీ ఆ 29.9లో కలిసి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ యువత నిరుద్యోగం జాతీయ సగటు కన్నా ఎక్కువగానే ఉంటోంది. ఇక్కడి కళాశాలల నుంచి ఏటా బయటికొచ్చే ఇంజినీర్ల సంఖ్యను పక్కన పెట్టుకుని దాన్ని చదవాలి. అలాగని ఇది చెప్పుకోవలసిన సమస్యే కాదని తోసిపుచ్చడమూ తగదు. ఆగగలగడం వేరు, ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆగవలసి రావడం వేరు.

కాలంతో పోల్చేటప్పుడు

నెలవారీ అంకెల్లో రుతువుల ప్రభావాన్ని సవరించరు. 2025 ఏప్రిల్‌లో 5.1 శాతం ఉన్నది మేలో 5.6 అయింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో పొలంలో పనేముంటుంది? రబీ కోతలు అయిపోయి, నాట్లకు ఇంకా వేళ కాని ఆ వారాల్లో కూలీలకు పని తగ్గడం ప్రతి ఏటా ఉండేదే. కాబట్టి మే అంకెను ఏప్రిల్‌తో కాక మరుసటి ఏడాది మేతో పోల్చాలి.

ఏళ్ల మధ్య పోలికకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 2011-12లో 2.2 శాతం ఉన్న నిరుద్యోగం 2017-18లో 6.1కి చేరిందని 2019లో పెద్ద దుమారం రేగింది. అప్పుడు ప్రభుత్వం రెండు సర్వేల నమూనా పద్ధతులు వేరని వాదించింది. 2011-12లో కుటుంబాలను వాటి ఆర్థిక స్థితిని బట్టి వర్గాలుగా విడదీస్తే, పీఎల్ఎఫ్ఎస్‌లో పదో తరగతి చదివినవారు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి విడదీశారు. ఆ తేడా ఉన్న మాట వాస్తవమే. పెరుగుదల అంతటికీ అదే కారణమని నమ్మడం మాత్రం కష్టం. 2025 జనవరిలో పద్ధతి మళ్లీ మారింది. పాత అంకెలతో కొత్తవాటిని నేరుగా పోల్చవద్దని ఈసారి గణాంక శాఖే ముందుగా చెప్పింది. 2017-18 నుంచి 2023-24 దాకా ఒక వరుసగానూ, 2025 నుంచి మరో వరుసగానూ రాసుకుని, రెండింటి మధ్య గీత గీసి ఉంచుకోండి. పత్రికలో వచ్చే గ్రాఫ్‌లో ఆ గీత లేకపోతే మీరే పెన్సిల్‌తో గీయండి.