పాత కార్వెట్ కింద దూరి ఫ్యాక్టరీ చేతిరాత చదవడం ఎలా

కార్ షోలో ఓ 1967 కార్వెట్ (అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ల షెవర్లే స్పోర్ట్స్ కారు) ముందు నిలబడి "అబ్బ, ఆ రోజుల్లో ఎంత నీటుగా చేసేవాళ్లో" అని నిట్టూర్చేవాళ్లను చూస్తే నాకు లోలోపల నవ్వొస్తుంది, ఎందుకంటే వాళ్లు మెచ్చుకుంటున్న ఆ అద్దంలాంటి పెయింట్ మొన్నమొన్న ఎవరో రిస్టోరేషన్ షాపులో నెలల తరబడి రుద్ది రుద్ది తెచ్చింది. సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన రోజున ఆ కారుకి అంత నునుపు లేదు. పెయింట్ అక్కడక్కడా గరుకుగా ఉండేది, తలుపు సందులు రెండు వైపులా ఒకేలా ఉండేవి కావు, కింద నల్ల రంగు ఎక్కడ పడాలో అక్కడా, పడకూడని చోటా పడి ఉండేది. మీకు నిజంగా ఆ కాలం మీద బెంగ ఉంటే, అసెంబ్లీ లైన్ మీద ఆ కారు ఎలా తయారైందో చూడాలని ఉంటే, మెరుపుని వదిలేసి కారు కిందికి వెళ్లండి. ఎలా చూడాలో, ఏం ముట్టుకోకూడదో నాకు తెలిసినంత చెబుతాను.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఒక టార్చి, పళ్ల డాక్టర్లు వాడే లాంటి చిన్న పిడి అద్దం, ఫోన్ కెమెరా, ఒక నోట్‌బుక్. కారు మీది కాకపోతే ఓనర్‌ని అడిగి మరీ ముట్టుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరొద్దు, గట్టి స్టాండ్లు పెట్టాకే తల లోపలికి పెట్టండి. ఇది మామూలు మాటే కానీ ఉత్సాహంలో మర్చిపోయేది కూడా ఇదే.

ముందు కారు ఎక్కడ పుట్టిందో తేల్చుకోవాలి. ఇప్పుడున్న 17 అక్షరాల విన్ నంబరు (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) 1981 మోడల్ నుంచి వచ్చింది, అంతకు ముందు ఏ కంపెనీ పద్ధతి దానిది. 1967 కార్వెట్‌లో గ్లవ్ బాక్స్ కింద ఉన్న పట్టీ మీద నంబరు దొరుకుతుంది. మొదటి 1 అంటే షెవర్లే, తర్వాత 94 అంటే కార్వెట్, ఆ పక్కన 67 ఉంటే పైకప్పు తెరుచుకునే కన్వర్టిబుల్, 37 ఉంటే కప్పు మూసి ఉండే కూపే, దాని తర్వాతి 7 ఏడాది, ఎస్ అనే అక్షరం సెయింట్ లూయిస్. మిగిలిన ఆరంకెలు 100001 నుంచి మొదలయ్యే వరస సంఖ్య. అంటే మీ కారు చివరన 118000 ఉంటే అది ఆ ఏడాది చేసిన 22,940 కార్లలో 18,000వది. మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, వరసలో దాని ముందొకటి, వెనకొకటి ఉన్నాయని అప్పుడే బుర్రకెక్కింది.

ఫోర్డ్ మస్టాంగ్ అయితే మొదటి అంకె ఏడాది, రెండోది ఫ్యాక్టరీ. ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టీ అంటే న్యూజెర్సీలోని మెటచెన్.  తొలి తరం షెవర్లే కమారోలో ఎన్ ఉంటే ఒహాయోలోని నార్వుడ్, ఎల్ ఉంటే కాలిఫోర్నియాలోని వాన్ నైస్. 1970ల మొదటి డాడ్జ్ ఛాలెంజర్‌లో బీ ఉంటే డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న హామ్‌ట్రామక్.

కార్వెట్ మాత్రం మూడు ఊళ్లు మారింది. 1953 జూన్ 30న మిషిగన్‌లోని ఫ్లింట్‌లో తాత్కాలికంగా ఏర్పాటు చేసిన ఓ చిన్న లైన్ మీద మొదలైంది, ఆ ఏడాది చేసింది 300 కార్లే, అన్నీ తెల్లరంగు, లోపల ఎరుపు. ఫైబర్‌గ్లాస్ బాడీ అంటే అప్పటికి ఎవరికీ అలవాటు లేదు. ఇనుప బాడీలో లైటుకో హారన్‌కో ఎర్త్ ఇవ్వాలంటే పక్కనున్న రేకుకి బోల్టు బిగిస్తే సరిపోయేది, ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు కదా, ప్రతిదానికీ విడిగా ఎర్త్ వైరు లాగాల్సి వచ్చింది. ఆ మొదటి కార్లకు కరెంటు సమస్యలు అందుకే ఎక్కువ. తర్వాత బండి సెయింట్ లూయిస్‌కి మారింది, 1981 ఆగస్టు 1 దాకా అక్కడే. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో అదే ఏడాది జూన్ 1న కొత్త ఫ్యాక్టరీ మొదలైంది. అంటే రెండు నెలల పాటు రెండు ఊళ్లలోనూ ఒకే మోడల్ తయారైంది. 1981 కారు దొరికితే నంబరులో 11వ స్థానం చూడండి, ఎస్ ఉంటే సెయింట్ లూయిస్, 5 ఉంటే బౌలింగ్ గ్రీన్. సెయింట్ లూయిస్‌ది లాకర్ పెయింట్, బౌలింగ్ గ్రీన్‌ది ఎనామెల్, కాబట్టి ఆ రెండూ పక్కపక్కన పెడితే అక్షరం చూడకుండానే చెప్పేయొచ్చు, అసలు పెయింట్ మిగిలుంటే.

ఇక తేదీలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. షెవర్లే ఇంజన్ బ్లాక్ మీద పోత పోసిన తేదీ ఉబ్బెత్తుగా ఉంటుంది, చిన్న వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) అయితే వెనకవైపు ట్రాన్స్‌మిషన్ బిగించే అంచు దగ్గర. సీ, 14, 7 అని ఉంటే సీ మూడో అక్షరం కాబట్టి మార్చి, 14వ తేదీ, 7తో ముగిసే ఏడాది. ఏ పదేళ్లలోదో మిగతా గుర్తులతో మీరే తేల్చుకోవాలి. ఫోర్డ్‌లో వరస తిరగబడుతుంది, ముందు ఏడాది, తర్వాత నెల అక్షరం, తర్వాత తేదీ. పైగా అంకె ఒకటిలా కనిపిస్తుందని ఐ అక్షరాన్ని వదిలేశారు, కాబట్టి సెప్టెంబరు జే అవుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ కార్వెట్ బాడీ ప్లేట్ (బాడీ వివరాలు కొట్టిన చిన్న రేకు పట్టీ) మీద ఉండే నెల అక్షరాన్ని కూడా ఇలాగే చదివారో, తప్పులో కాలేసినట్టే. అక్కడ ఏ అంటే జనవరి కాదు, ఆ మోడల్ తయారీ మొదలైన నెల. ఈ ఒక్క పొరపాటుతో అసలైన ఇంజన్‌ని నకిలీ అని కొట్టిపారేసినవాళ్లు ఉంటారు.

తేదీలన్నీ ఓ కాగితం మీద వరసగా రాసుకోండి. ముందు పోత, తర్వాత ఇంజన్ బిగింపు, ఆ తర్వాత బాడీ, చివర కారు. మామూలుగా ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు తేడా ఉంటుంది. బాడీ తయారయ్యాక పోత పోసిన ఇంజన్ అందులో ఉందంటే అది తర్వాత మార్చినదే, ఇంక మాట్లాడేదేముంది.

కార్వెట్ ఇంజన్ ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్ కింద నుంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న చదునైన చోటు ఒకటి ఉంటుంది. నాకు కారు మొత్తంలో ఇష్టమైన చదరపు అంగుళాలు అవి. అక్కడ రెండు ముద్రలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఇంజన్ ఫ్యాక్టరీలో కొట్టింది, టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా, వీ అంటే ఫ్లింట్, తర్వాత నెల, తేదీ, ఇంజన్ రకం. రెండోది కారు వరస సంఖ్య, ఇది సెయింట్ లూయిస్‌లో ఇంకో మనిషి, ఇంకో పనిముట్టుతో కొట్టింది. అక్షరాల సైజు వేరు, లోతు వేరు, వరుస కూడా కొంచెం వంకర. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయంటే అనుమానించండి, ఈమధ్య ఎవరో గ్యారేజీలో కూర్చుని రెండూ తనే కొట్టి ఉంటాడు. ఆ చదును మీద యంత్రం కోసిన సన్నటి సమాంతర గీతలు కూడా ఉండాలి. నకిలీ చేసేవాడు పాత నంబరు అరగదీసేటప్పుడు ముందు పోయేవి అవే. అందుకే అక్కడ వైర్ బ్రష్ వాడొద్దు, గుడ్డకి కొంచెం నూనె రాసి మెత్తగా తుడవండి చాలు.

బాడీ ప్లేట్ మీద ఇంకో చిన్న సంగతి. 1964 నుంచి 1967 వరకు కార్వెట్ బాడీలు అన్నీ సెయింట్ లూయిస్‌లో చేసినవి కావు, కొన్ని మిషిగన్‌లోని అయోనియాలో ఏ.ఓ. స్మిత్ కంపెనీ చేసి పంపేది. బాడీ నంబరు ముందు ఏ ఉంటే అయోనియా, ఎస్ ఉంటే సెయింట్ లూయిస్.

ఇప్పుడు కిందికి దూరండి. బాడీని ఫ్రేమ్ మీదికి దించే చోట, ప్రతి మౌంట్ దగ్గర, ఫ్రేమ్ మీద లావాటి క్రేయాన్‌తో రాసిన అంకెలు వెతకండి. 1, 2, 0, 3 ఇలా ఉంటాయి. ఇవేంటంటే, ఏ ఫ్రేమూ నూటికి నూరుపాళ్లు సమంగా ఉండదు, ఫైబర్‌గ్లాస్ బాడీని ఎగుడుదిగుడు ఫ్రేమ్ మీద బిగిస్తే పగిలిపోతుంది. అందుకని కొలిచి, ఏ మౌంట్ దగ్గర ఎన్ని పల్చటి రేకు షిమ్ములు వేయాలో ఒకతను ఫ్రేమ్ మీదే అంకె రాసేసేవాడు. బాడీ దిగే చోట ఉన్నతను ఆ అంకె చూసి అన్ని రేకులు వేసేవాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన పనే లేదు, లైన్ నడుస్తూనే ఉంటుంది. ఆ అంకెని నాలుగైదు నిమిషాలు అలా చూస్తూ ఉండండి. ఆ '2' తోక అలా ఎందుకు సాగిందంటే, అతను రాస్తుండగానే తర్వాతి ఫ్రేమ్ వచ్చేస్తోంది!

నట్ల మీద రంగు చుక్కలు కూడా కనిపిస్తాయి, బిగింపు సరిచూశారని గుర్తు. లోపలి గోడల మీద తనిఖీ ముద్రలు, సుద్ద గీతలు ఉంటాయి. ఒక్కోసారి అర్థం కాని గీతలుంటాయి, వాటికి ఏదో ఒక అర్థం కల్పించకండి, ఫొటో తీసి వదిలేయండి.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. ఓ స్నేహితుడి కారుని శుభ్రం చేసి ఇస్తామని తీసుకెళ్లిన షాపువాళ్లు ఫ్రేమ్ అంతా సాల్వెంట్‌తో కడిగి, తళతళా నల్లరంగు కొట్టి తెచ్చారు. మైనపు క్రేయాన్ సాల్వెంట్ తగిలితే క్షణంలో పోతుంది. దశాబ్దాల బురద, నూనె కాపాడుకుంటూ వచ్చిన రాతని ఓ మధ్యాహ్నం పూట తుడిచేశారు. మా వాడు సంతోషంగా బిల్లు కట్టాడు కూడా. కాబట్టి ముందు ఫొటో, తర్వాతే తుడవడం. తుడిచేది కూడా గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్‌తో, రుద్దకుండా అద్దుతూ. గుర్తు కనిపించగానే ఆపేయండి. మళ్లీ రాయాల్సి వస్తే మీ కారు ఫొటోలో ఉన్నది ఉన్నట్టు రాయండి, పక్క కారు చూసి కాపీ కొట్టడం నాకైతే నచ్చదు.

కాగితం దొరికితే అదృష్టం. ఏ ఇంజన్, ఏ సీటు, ఏ రంగు అని లైన్ మీది వాళ్లకి చెప్పే బిల్డ్ షీట్లు పని అయ్యాక చెత్తబుట్టలో పడేవి, లేదా సీటు స్ప్రింగుల్లోనో కార్పెట్ కిందో ఉండిపోయేవి. కార్వెట్‌కి 1967 నుంచి పెట్రోల్ ట్యాంక్ పైన అంటించేవారు, వైరు చివర ఉండే చిన్న కెమెరాతో చూడొచ్చు. క్రైస్లర్ కార్లలో వెనక సీటు స్ప్రింగులు ముందు చూడండి. ఎగిరి గంతేసే ముందు మాత్రం నంబరు పోల్చుకోండి, పక్క కారు కాగితం మీ సీట్లో దూరి ఉండటం మామూలే. కాగితం లేకపోతే ఫోర్డ్‌కి 1967 నుంచి తయారీ వివరాలు మార్టీ రిపోర్ట్ రూపంలో కొనుక్కోవచ్చు, పాంటియాక్‌కి కూడా అలాంటి సేవ ఉంది. పాత కార్వెట్‌కి అంత తేలిగ్గా దొరకదు, అందుకే ట్యాంక్ మీది కాగితానికి అంత గిరాకీ.

ఇంత చెప్పాక ఓ చేదు మాట కూడా చెప్పాలి. ఆ లైన్ మీద నిలబడ్డవాళ్లకి ఇదంతా మనకున్నంత అందంగా ఉండేది కాదు. ఒహాయోలోని లార్డ్స్‌టౌన్‌లో షెవర్లే వేగా లైన్ గంటకి 100 కార్లు లెక్కన నడిచింది, అంటే ఒక్కో కారుకి 36 సెకన్లు. ఆ వేగంతో అయితే 1967 కార్వెట్లన్నీ 230 గంటల్లో అయిపోయేవి. అక్కడి కార్మికులు 1972లో సమ్మెకి దిగారు. అదే ఏడాది కమారో చేసే నార్వుడ్‌లో సమ్మె నెలల తరబడి సాగింది, లైన్ మీద సగంలో ఆగిపోయిన కార్లు 1973 బంపర్ నిబంధనలకు సరిపోవని వెయ్యికి పైగా తుక్కు చేసేశారు. మీ కారు తలుపు సరిగ్గా పడకపోతే నవ్వుకునే ముందు ఆ 36 సెకన్లు గుర్తు తెచ్చుకోండి.

వీలైతే బౌలింగ్ గ్రీన్‌లోని నేషనల్ కార్వెట్ మ్యూజియం చూసి రండి. 1992 జూలై 2న తయారైన పది లక్షలవ కార్వెట్ అక్కడుంది, 1953లో లాగే తెలుపు, లోపల ఎరుపు. 2014 ఫిబ్రవరి 12న మ్యూజియం నేల కుంగి గొయ్యి పడితే అందులో పడిపోయిన ఎనిమిది కార్లలో అదొకటి. బాగు చేద్దామని విప్పి చూస్తే లోపలి భాగాల మీద, ఎవరికీ కనపడని చోట్ల, 1992లో దాన్ని తయారు చేసినవాళ్ల సంతకాలు. కొత్త భాగం వేసేస్తే తేలిగ్గా అయిపోయే పనికి, సంతకం ఉన్న పాత భాగాన్నే సరిచేసి బిగించడానికి జనరల్ మోటార్స్ వాళ్లు నానా తంటాలు పడ్డారు. ఆ కారు ఇప్పుడు మళ్లీ మెరుస్తోంది, సంతకాలు లోపలే ఉన్నాయి. టార్చి పట్టుకెళ్లినా దాని కింద మాత్రం దూరనివ్వరు.