బ్రష్ కట్టర్ పొగ, సాయంత్రానికి తలనొప్పి: ముందు పెట్రోల్ క్యాన్ చూడండి

మాది బంగారుపాళ్యం పక్కన తోతాపురి మామిడి తోట. గడ్డి కోసే మిషన్ పొగ కక్కినా, మధ్యలో ఆగినా, తల దిమ్మెక్కినా ఇప్పుడు నేను మొదట చూసేది కార్బురేటర్ కాదు, దాంట్లో పోస్తున్నదేంటని.

నీలం పొగ, సైలెన్సర్ దగ్గర నల్లటి జిడ్డు

టూ స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే ఇంజన్) అయితే దాదాపుగా ఆయిల్ ఎక్కువైనట్టే. మా తోటకొచ్చే పిల్లోడు పురుగుమందు డబ్బా మూతతో కొలిచేవాడు, "ఇంకో మూత పడితే ఇంజన్‌కి మంచిది అన్నా" అంటూ. ఆ మూతలో ఎంత పడుతుందో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. మిషన్ పుస్తకంలో 25:1 (25 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) అనుంటే లీటరు పెట్రోల్‌కి ఆయిల్ 40 మిల్లీ, 50:1 అయితే 20. మందుల షాపులో సిరంజి కొని దాంతోనే పోయండి. ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉంటే పొగ తక్కువ రకం. ఫోర్ స్ట్రోక్‌కి మాత్రం పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు, ఆయిల్‌కి ఇంజన్‌లో వేరే గది ఉంటుంది.

కొలత సరిపోయినా టూ స్ట్రోక్‌లో కొత్త పెట్రోల్ లోపలికొచ్చేటప్పుడు పొగ పోయే దారి కూడా తెరిచే ఉంటుంది కాబట్టి, కొంత పెట్రోల్ కాలకుండానే మన ముఖం మీదికొస్తుంది, అందులో కేన్సర్ తెచ్చే బెంజీన్ కూడా ఉంటుంది. గాలి వాలు చూసుకుని కోయండి. కొత్తది కొనేవాళ్లు ఫోర్ స్ట్రోక్ చూడండి, బరువుంటుంది, అయినా సరే.

కళ్ల మంట, ఘాటు వాసన, ఇంజన్ టకటక కొట్టుకోవడం

కిరోసిన్ కలిసిందేమో. అది పెట్రోల్‌లా తేలిగ్గా ఆవిరవదు, సగం కాలి మసి అవుతుంది. ఆయిల్ కలపకముందే ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క వేసి చూడండి: మంచి పెట్రోల్ మరక లేకుండా ఆరిపోవాలి. బంకులో అడిగితే వాళ్లే ఈ పరీక్ష చేసి చూపించాలి.

వానల తర్వాత స్టార్ట్ అయి ఆగిపోతోంది

ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) 20 శాతం దాకా కలిసిన పెట్రోలే. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. ట్యాంకు పైపు ఉండేది అడుగునే, పైగా ఆ పొరలో ఆయిల్ ఉండదు, పిస్టన్ పట్టేస్తుంది. గాజు సీసాలో కొంచెం పోసి ఎండకు పట్టి చూస్తే అడుగున గీత కనిపిస్తుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనండి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ ఆగేదాకా నడపండి.

తల బరువు, వాంతి వచ్చినట్టు, బయటికొస్తే తగ్గిపోతుంది

ఇది ఆకలి కాదు, ఎండ దెబ్బ కాదు. పోయిన వానాకాలం కరెంటు పోతే జనరేటర్ తడుస్తుందని పశువుల పాకలో పెట్టాము, పాలు పితుకుతున్న మా అత్త గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు, వాసన ఉండవు, రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పెట్రోల్ మార్చినా, గ్యాస్ కిట్ పెట్టినా ఇది పూర్తిగా పోదు. చోక్ (ఇంజన్‌కి గాలి తగ్గించే మీట) మూసి నడిపినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇంకా ఎక్కువ వస్తుంది. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీలకు అవతలి వైపు తిప్పి, పైన రేకు మాత్రం వేయండి. ఎవరైనా పడిపోతే ముందు గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

ఇంకోటి, పైపు పెట్టి నోటితో పెట్రోల్ పీల్చకండి. మింగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకుపోండి, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పెట్రోల్ తోడే చేతి పంపు పైపు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది.