మూలనపడ్డ వాట్సాప్ గ్రూప్‌ని స్పామర్లు నిద్ర లేపితే ఏం చేయాలి?

మా టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో చివరి మెసేజ్ ఎవరి కూతురిదో ఓణీల ఫంక్షన్ ఫోటో, దాని కింద ఓ పదకొండు దండం ఎమోజీలు. ఆ తర్వాత ఎనిమిది నెలలు చడీచప్పుడు లేదు. ఒకరోజు రాత్రి పదకొండున్నరకి టింగుమంది. ఎవరిదో తెలియని నంబర్ సరిగ్గా ఆ ఫోటోకే రిప్లై కొట్టి, "శుభాకాంక్షలు, మా ఇంట్లో కూడా పెళ్లి, పత్రిక చూసి తప్పకుండా రండి" అని ఒక ఫైల్ పడేసింది. పేరు చివర డాట్ ఏపీకే అని ఉంది. పెళ్లి పత్రికంటే ఫోటోనో పీడీఎఫో ఉండాలి గానీ, ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కించే యాప్ కదా!

ఇంతలో మావాళ్లు మొదలెట్టారు. ఒకడు "కంగ్రాట్స్ రా" అన్నాడు, ఇంకొకడు "ఇంతకీ ఎవరు నువ్వు?" అన్నాడు, మూడోవాడు "ఓపెన్ అవట్లేదు, మళ్లీ పంపు" అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది ఆ మూడోవాడి మాటకే. ఓపెన్ అవట్లేదంటే వాడు ఓపెన్ చేయడానికి ప్రయత్నించాడనే కదా.

ఆ రాత్రి తడబడుతూ చేసిన పనులన్నీ ఇప్పుడు వరసలో పెట్టి చెబుతున్నా. ఇది అడ్మిన్ల కోసం. మీరు అడ్మిన్ కాకపోయినా ఒకసారి గ్రూప్ ఇన్ఫో తెరిచి చూసుకోండి, ఎందుకంటే ఉన్న ఒక్క అడ్మిన్ బయటికి వెళ్లిపోతే వాట్సాప్ మిగిలినవాళ్లలో ఎవరో ఒకరికి ఆ హోదా తగిలిస్తుంది. తాము అడ్మిన్లమని తెలియని అడ్మిన్లు చాలామందే ఉంటారు.

ముందు గ్రూప్‌లో ఎవరూ జవాబివ్వకుండా చూడండి

స్పామర్‌ని తిట్టినా సరే, అది పనికిరాని పని. వాడు ఆ తిట్లు చదవడు, కానీ మీరు కొట్టిన ప్రతి రిప్లైతో ఇంకో నలుగురు గ్రూప్ తెరిచి, పైకి జరిపి, ఆ ఫైల్ దగ్గరికి వెళ్తారు. అందుకే గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చేయండి. అర నిమిషం పని. తర్వాత ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి: "పైన వచ్చిన ఫైల్ ఎవరూ నొక్కొద్దు, నొక్కినవాళ్లు నాకు ఫోన్ చేయండి." పెద్ద వ్యాసం రాస్తే ఎవరూ చదవరు.

స్క్రీన్‌షాట్, రిపోర్ట్, డిలీట్, ఆ తర్వాతే రిమూవ్

కంగారులో మనిషిని ముందు గెంటేస్తాం. నేనూ అదే చేయబోయాను. ముందు నంబర్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత ఆ మెసేజ్ మీద కాసేపు నొక్కి పట్టుకుని రిపోర్ట్ చేయండి, ఆపైన డిలీట్ ఫర్ ఎవ్రీవన్. ఇతరుల మెసేజ్‌లు అందరికీ చెరిపే వీలు అడ్మిన్లకి ఉంది గానీ, రోజులు గడిస్తే ఆ ఆప్షన్ కనబడకపోవచ్చు, కాబట్టి పొద్దున్నే చూద్దాంలే అనుకోకండి. ఇంకొకటి, మెసేజ్ చెరిపినంత మాత్రాన అప్పటికే ఎవరి ఫోన్లోకైనా దిగిన ఫైల్ పోతుందన్న నమ్మకం లేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వాళ్లే వెతికి తీసేయాలి.

ఆ స్క్రీన్‌షాట్ కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో పనికొస్తుంది. అందులో 'చక్షు' అని ఒక భాగం ఉంది, 2024 మార్చిలో మొదలైంది, అనుమానాస్పద కాల్స్, ఎస్ఎంఎస్‌లు, వాట్సాప్ మెసేజ్‌ల గురించి అక్కడ చెప్పొచ్చు. డబ్బు పోయినప్పుడు మాత్రం అక్కడ కాదు, దాని దారి వేరు, కింద చెబుతాను.

లింక్ మార్చండి, అసలు పని ఇదే

మనిషిని తీసేసి ఊరుకుంటే అదే ముఠా వేరే నంబర్‌తో, గ్రూప్‌లో చేరే అదే ఇన్వైట్ లింక్ పట్టుకుని మళ్లీ వస్తుంది. మా లింక్ ఎక్కడ దొరికిందా అని ఆరా తీస్తే తేలిందేమిటంటే, 2019లో రీయూనియన్ పెట్టుకున్నప్పుడు ఒకడు ఫేస్‌బుక్‌లో పబ్లిక్ పోస్ట్‌గా "మనోళ్లు ఎవరైనా ఉంటే చేరండి" అని పెట్టాడు. అది ఇన్నేళ్లూ అక్కడే వేలాడుతోంది. 2020 ఫిబ్రవరిలోనైతే ఇలా బయట పెట్టిన గ్రూప్ లింకులు గూగుల్ సెర్చ్‌లోనే కనబడుతున్నాయని పెద్ద గొడవైంది. వీధి తలుపు తీసి ఊరెళ్లి, ఇంట్లో పిల్లి దూరిందని ఏడ్చినట్టుంది మన పని.

గ్రూప్ ఇన్ఫోలో ఇన్వైట్ లింక్ దగ్గర రీసెట్ లింక్ అని ఉంటుంది, అది నొక్కితే పాత లింక్ చచ్చిపోతుంది. పర్మిషన్స్‌లో అప్రూవ్ న్యూ మెంబర్స్ ఆన్ చేయండి, మెంబర్లు ఎవరినిపడితే వాళ్లని చేర్చే వీలు ఆఫ్ చేయండి. వీలైతే ఆ పాత పోస్ట్ కూడా తీయించండి.

ఫైల్ నొక్కినవాళ్ల సంగతి

నొక్కి ఊరుకుంటే చాలావరకు ప్రమాదం లేదు. ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లన్నిటికీ అలౌ కొట్టుంటేనే చిక్కు, ఎందుకంటే ఈ యాప్‌లు ముఖ్యంగా అడిగేది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి. అది చేతికొస్తే మీ బ్యాంక్ ఓటీపీ మీకంటే ముందు వాళ్లు చదువుతారు. పెళ్లి పత్రికే కాదు, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంక్ కేవైసీ అని రకరకాల పేర్లతో ఇవే తిరుగుతున్నాయి.

అలా జరిగుంటే ఫోన్‌ని వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి లావాదేవీలు ఆపించాలి. డబ్బు కదిలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు కూడా పెట్టాలి. ఆ యాప్ ఎంతకీ కనబడకపోతే, లేదా తీసినా పోకపోతే, ఫోటోలు భద్రం చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసేయడమే మంచిది. మా మూడోవాడిది ఐఫోన్ కాబట్టి బతికిపోయాడు, "ఓపెన్ అవట్లేదు" అన్నది అందుకే.

పంపింది మనోడే అయితే?

ఇది ఇంకా చిక్కు. వాట్సాప్ ఖాతా కొట్టేసినవాళ్లు అతని పాత గ్రూపులన్నిట్లో ఫైళ్లు చల్లుతారు, పేరు తెలిసినదే కాబట్టి అందరూ నమ్ముతారు. వాట్సాప్‌లో అడగొద్దు, మామూలు ఫోన్ కాల్ చేయండి. "నేనేం పంపలేదే" అంటే మొహమాటపడకుండా గ్రూప్‌లోంచి తీసేసి, లింక్డ్ డివైసెస్‌లో తెలియనివన్నీ లాగౌట్ చేయమని చెప్పండి. ఖాతానే చేజారితే తన నంబర్‌తో మళ్లీ లాగిన్ అవ్వాలి. ఆ తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోమనండి. బాగయ్యాక మళ్లీ చేర్చొచ్చు. అలుగుతాడు, అలగనివ్వండి.

ఇవన్నీ అయ్యాక తీరిగ్గా మెంబర్ల లిస్ట్ ఒకసారి కిందిదాకా చూడండి. మా దాంట్లో ఎవరికీ తెలియని నంబర్లు నాలుగు తేలాయి, ఎన్నాళ్లుగా ఉన్నాయో. అడ్మిన్లు ఇద్దరు ముగ్గురు ఉండటం మంచిది, అందులో ఒకరు అమెరికాలో ఉంటే మరీ మంచిది, మనకి అర్ధరాత్రి అయినప్పుడు వాళ్లకి పట్టపగలు. ఎవడో ఏదో పెడితే అడ్మిన్‌ని జైల్లో వేస్తారని భయపడి ఈ బాధ్యత ఎవరూ తీసుకోరు. మెంబర్ పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటగట్టలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

గ్రూప్ పని అయిపోయిందనుకుంటే అడ్మిన్స్ ఓన్లీ అలాగే ఉంచేయండి, పాత ఫోటోలు ఎక్కడికీ పోవు. మావాళ్లు ఒప్పుకోలేదు, మళ్లీ తెరిచాం. ఇప్పుడు కొత్తగా ఎవరు రిక్వెస్ట్ పెట్టినా విడిగా ఒక ప్రశ్న అడుగుతున్నాను: "మన లెక్కల మాస్టారికి పెట్టిన పేరేంటి?" మొన్న ఒకడు పది నిమిషాలు టైపింగ్, టైపింగ్ అని చూపించి చివరికి అడిగాడు, "చెబుతా గానీ, మాస్టారు కూడా ఈ గ్రూప్‌లో ఉన్నారా?"

ఉన్నారు. వెంటనే అప్రూవ్ కొట్టాను.