జ్వరం తగ్గదు, కల్చర్‌లో ఏమీ రాదు: గుండె వాల్వు ఇన్ఫెక్షన్‌ని పట్టుకోవడం ఎలా?

సమస్య: వారాల తరబడి జ్వరం, రాత్రి చెమటలు, ఆయాసం. ఎకోలో (గుండె స్కానింగ్) వాల్వు మీద ముద్దలాంటిది కనబడింది. బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో మాత్రం ‘క్రిమి పెరగలేదు’ అని ఉంది. రుమాటిక్ జ్వరంతో వాల్వు పాడైనవాళ్లు, వాల్వు మార్పించుకున్నవాళ్లు దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు.

ముందే యాంటీబయాటిక్ పడిందా? ఎక్కువగా కారణం ఇదే. మన కోనసీమ లంక ఊళ్లలో ఒళ్లు వెచ్చబడితే ముందు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షనే. ఆ మందు క్రిమిని పూర్తిగా చంపకపోయినా కల్చర్‌లో పెరగనివ్వదు. అందుకే మందు మొదలుపెట్టకముందే, వేర్వేరు చోట్ల గుచ్చి మూడు సెట్ల రక్తం తీయాలి. ఇప్పటికే ఇంజక్షన్ పడిపోయిందా? తిడతారని దాచకండి, చీటీ తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.

మామూలు కల్చర్‌లో పెరగని క్రిమా? పాకలో గేదె ఈనినప్పుడు మాయ ఎవరు తీశారు? ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. పశువుల మాయలో, ఉమ్మనీటిలో ఉండే కాక్సియెల్లా అనే బ్యాక్టీరియా, అవి ఎండి లేచిన దుమ్ము పీల్చినా సోకుతుంది. పిల్లి గీరడం వల్ల, ఒంటి పేల వల్ల వచ్చే బార్టొనెల్లా ఇంకొకటి. ఈ రెండింటికీ ముందు రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించాలి.

వాల్వు ఆపరేషన్ జరుగుతోందా? జన్యు సీక్వెన్సింగ్‌కి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. బ్యాక్టీరియా అన్నిటిలోనూ 16ఎస్ అనే జన్యువు ఉంటుంది, మనిషి కణాల్లో ఆ రూపంలో ఉండదు. తీసిన వాల్వు ముక్కలో ఆ జన్యువు అక్షరాల వరుస చదివి, తెలిసిన క్రిములతో పోల్చి పేరు చెబుతారు. మందుకి చచ్చిన క్రిమి కూడా దొరికిపోతుంది. కానీ ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. ఈ ఒక్క పొరపాటు చాలు, చేతికొచ్చిన ఆధారం పోతుంది. ఆపరేషన్‌కి ముందు రోజే సర్జన్‌ని అడగండి: ‘ఒక ముక్క ఫార్మలిన్ లేకుండా, స్టెరైల్ డబ్బాలో పంపిస్తారా సార్?’ ఫంగస్ అనుమానం ఉంటే 16ఎస్ చాలదు, ఫంగస్‌ని గుర్తుపట్టే 18ఎస్ లేదా ఐటీఎస్ అనే జన్యు భాగాన్ని చదవాలి.

సీక్వెన్సింగ్ రిపోర్టులో చర్మం మీద ఉండే బ్యాక్టీరియా పేరు వచ్చిందా? ముక్క తీసేటప్పుడు అంటుకున్నదీ కావచ్చు, మార్చిన వాల్వుకి నిజంగా పట్టినదీ కావచ్చు. పాథాలజీ రిపోర్టు (ముక్కని మైక్రోస్కోప్ కింద చూసి ఇచ్చేది) పక్కన పెట్టుకుని చూడాలి. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ నెలల తరబడి ఉండిపోతుంది కాబట్టి, పాజిటివ్ రాగానే మందు పనిచేయలేదని టెన్షన్ పడొద్దు.

కాక్సియెల్లా అని తేలితే డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి కనీసం 18 నెలలు, మార్చిన వాల్వు అయితే 24 నెలలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేయకండి.